నిఘంటువులో ఎర

వస్తాదు మొదటి దెబ్బకే ప్రెస్సు యజమాని పెదవి చిట్లింది. రెండో దెబ్బకి కాగితాల కట్టల మీద వెల్లకిలా పడ్డాడు. తెల్ల కాగితాల నిండా నెత్తురు చుక్కలు.

"ఇంకో నాలుగు తగిలించరా!" గుమ్మంలోంచి పంతులుగారు అరిచారు. "పన్నెండేళ్లు కళ్లు పోగొట్టుకుని రాసిన నిఘంటువు! నా పేరైనా లేకుండా అచ్చేసి అమ్ముకుంటున్నాడు."

పంతులుగారు వస్తాదుకి అక్క మొగుడు. నాన్న పోయినప్పటినుంచీ ఆయన మాటంటే అతనికి వేదం. అయినా మనసులో అనుకున్నాడు, 'దేవుడా, న్యాయం కోసమే కదా కొడుతున్నాను?'

"నేను దొంగని కాను బాబూ!" అన్నాడు యజమాని, నోరు తుడుచుకుంటూ.

"కాడట! ఇది చూడు." పంతులుగారు తన పుస్తకం, యజమాని అచ్చేసింది, రెండూ తెరిచి వస్తాదు ముక్కు కింద పెట్టారు. "'పైరేట్' అనే మాట. నామవాచకం, క్రియగానూ వాడతారు. మొదట్లో ఓడలు దోచేవాడు. తర్వాత్తర్వాత, ఇదిగో, ఇలా పుస్తకాలు దోచే వెధవ. గ్రీకులో దాని మూలానికి అర్థం 'ప్రయత్నించడం'. నేను మాత్రం 'నిప్పు' అని రాశాను."

"తప్పని తెలిసీ ఎందుకు రాశారు బావగారూ?"

"ఎర! ఇంత లావు పుస్తకంలో కావాలని రాసిన అబద్ధం అదొక్కటే. కాపీ కొట్టేవాడు దాంతో సహా కొడతాడు. చూడు, వీడి పుస్తకంలోనూ నిప్పే!"

ఇంకేం కావాలి? వస్తాదు యజమానిని కాలరు పట్టి లేపి బీరువాకేసి కొట్టాడు. అద్దం భళ్లున పగిలింది. తన చేయి కోసుకున్నా లెక్కచేయలేదు.

"చంపకు బాబూ!" యజమాని గాజుపెంకుల మీద పాకుతూ వెళ్లి బీరువా అడుగునుంచి ఓ గుడ్డమూట లాగాడు. "నేను అచ్చేసింది దీన్ని చూసి. ఇరవై ఏళ్ల కిందట ఒక పెద్దాయన అచ్చుకిచ్చి వెళ్లాడు, మళ్లీ రాలేదు. పేరున్న పైకాగితం చెదలు తినేసింది. నేనెవర్ని అడగను?"

"వాడితో మాటలేంట్రా?" పంతులుగారు గుమ్మంలోకి వెనక్కి జరిగారు. "నాలుగు వేసి ఆ మూట ఇలా పారెయ్. విప్పకు!"

"ఉండండి బావగారూ. ఇందులో ఎరుందో లేదో చూస్తే తేలిపోతుందిగా."

వస్తాదు ముడి విప్పాడు. పసుపెక్కిన కాగితాలు ఒక్కొక్కటే తిప్పి, నెత్తుటి వేలితో ఆ మాట పట్టుకున్నాడు. 'నిప్పు' అనే ఉంది.

అతను ఆ అక్షరాలకేసి చాలాసేపు చూశాడు. చూసి లేచాడు. పంతులుగారిని భుజం పట్టి లోపలికి లాగి, తలుపు గడియ పెట్టాడు.

"బావగారూ, ఇది మా నాన్న చేతిరాత."