పొగాకు కషాయం

సుందరవల్లి కిరసనాయిలు డబ్బాలోని పొగాకు కషాయంలో గుడ్డ ముంచి, పేలు పట్టిన పాడి ఎనుముకు ఒళ్ళంతా రుద్దుతోంది.

దడి అవతల ఎవరో ముసలాయన నిలబడి చూస్తున్నాడు. కాళ్ళ నిండా దుమ్ము. నడిచి నడిచి వచ్చినట్టున్నాడు.

"అమ్మణ్ణీ, మూతికి చిక్కం కట్టు. మంటకు ఒళ్ళు నాక్కుంటాది. కడుపులోకి పోతే విషం."

నిజమే అనిపించి, ఆమె చూరులో దోపిన చిక్కం అందుకుంది.

అత్త మునెమ్మ పంచలోంచే అడ్డుపడింది. పాలిచ్చే ఎనుముకు మూతి కడితే చేపు తప్పి పాలు దిగవట. సుందరవల్లికి పాలు పడక, ఆమె చంటిబిడ్డ ఈ ఎనుము పాల మీదే బతుకుతోంది మరి.

"యాడోడివయ్యా నువ్వు? పొదుగుకేసి అట్ట చూస్తా ఉండావు. పోయి నీ ఎనుముల్ని చూసుకో పో," అని ముసలాయన్ని కసిరింది మునెమ్మ.

"నాకిప్పుడు లేవులే తల్లీ," అన్నాడు ముసలాయన. కానీ కదల్లేదు.

సుందరవల్లి చిక్కాన్ని మళ్ళీ చూరులో దోపేసింది.

ఉయ్యాలలో బిడ్డ లేస్తే పాలు పట్టి పడుకోబెట్టింది. తిరిగి వచ్చేసరికి ఎనుము మెడ తిప్పి డొక్కలు నాకుతోంది. నోటి వెంట నురగ. కాళ్ళు వణికి, కూలబడింది.

ముసలాయన దడి తోసుకుని వచ్చాడు. ఆమె తోడిచ్చిన నీళ్ళతో దాని ఒళ్ళూ నోరూ కడిగాడు. ఆయన గొంతు వినబడినప్పుడల్లా దాని చెవులు కదిలాయి. డొక్కకు చెవి ఆనించి విన్నాడు.

"గుండె పరుగులు పెడతా ఉంది అమ్మణ్ణీ."

ఆ గుండె ఆగిపోయేదాకా ఆయన చెవి తీయలేదు.

మునెమ్మ శోకాలు పెట్టింది. వాడి కళ్ళే తగిలాయని, వాడి వంశం మట్టిగొట్టుకుపోవాలని తిట్టింది. తప్పెవరిదో సుందరవల్లికి తెలుసు. చూరులో దోపిన చిక్కం వైపు చూసింది.

ఏడుపు విని పొలంలోంచి ఆమె మొగుడు దండపాణి పరుగెత్తుకొచ్చాడు. ఎనుమును చూశాడు. ముసలాయన్ని చూసి కొయ్యబారిపోయాడు.

"ఎవురిని తిడతా ఉండావమ్మా? బిడ్డకు పాలు లేవంటే, తనకుండే ఈ ఒక్క ఎనుమునూ ఊరికే తోలిచ్చినాడే మన దూరపు చుట్టం తిరుత్తణి మామ, మీరెప్పుడూ చూడలా, ఆయన ఈయనే."

ముసలాయన పంచలోని ఉయ్యాలలోకి ఒక్కసారి తొంగి చూసి, ఆ ఇల్లు దాటి వెళ్ళిపోయాడు.