కార్బురేటర్ డాక్టరు

ఎనిమిదో కిక్కుకు బండి అందుకుంది. నాలుగుసార్లు దగ్గింది. నల్లటి పొగ కక్కి చచ్చింది.

"పెట్రోలు కల్తీ," అన్నాడు డాక్టరు.

ఆయన మనుషుల డాక్టరు కాదు. ఇన్సూరెన్సు ఆఫీసులో మేనేజరు. యాభై ఏళ్ళనాటి ఆ మోటార్ సైకిల్ మీద పన్నెండేళ్ళుగా మెకానిక్ నీడ కూడా పడనివ్వలేదని, పాతబళ్ళ సంఘం వాళ్ళు ఆయనకి 'కార్బురేటర్ డాక్టరు' అని పేరు పెట్టారు. ఆయన సిగ్గుపడలేదు. గేటు మీద రాయించుకోవడం ఒక్కటే తక్కువ.

తొమ్మిదింటికి పాతబళ్ళ ర్యాలీ. 'సొంత చేత్తో చూసుకున్న బండి' పతకం ఐదేళ్ళుగా ఆయనదే. ఆరోది కూడా ఖాయమని సంఘం ప్రెసిడెంటు నిన్ననే మాటిచ్చాడు. ఆ ప్రెసిడెంటే ఇప్పుడు హెల్మెట్ చంకలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. వెనక ఆరుగురు సభ్యులు.

"పోయిన ఆదివారం మా కళ్ళముందే కదండీ, అంతా విప్పి శుభ్రం చేశారు?"

"చేశాను. చేశాక వారం దాకా ముట్టుకోకూడదు. కార్బురేటర్‌కి విశ్రాంతి కావాలి. దానంతటదే సర్దుకుంటుంది. ఈ కిటుకు ఏ మెకానిక్ వెధవకీ తెలీదు."

సభ్యులు తలలూపారు. ఒకాయన ఫోనులో రాసుకున్నాడు కూడా.

డాక్టరు ప్లగ్గు విప్పాడు. కాటుకలా మసి. తుడిచి బిగించాడు. పెట్రోలు చిమ్మే జెట్టు తీసి, దాని సన్నటి బెజ్జంలో గుండుసూదితో పొడిచాడు. మెకానిక్ పొడిస్తే మొరటుపని. మేనేజరు పొడిస్తే పరిశోధన. చివరికి గాలి స్క్రూని, పోయిన వారంలాగే, ఇక తిరగనంటున్నా వినకుండా బిగించాడు.

కిక్కు. పొగ. మళ్ళీ చావు.

టీ ట్రే పట్టుకొచ్చిన భార్య కాసేపు చూసి, మెల్లిగా అంది. "గాలి అందట్లేదేమోనండీ."

అందరూ నవ్వారు. డాక్టరు అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"విన్నారా? మా మామగారు మెకానిక్ లెండి. రక్తం ఊరుకోదు! ముప్పై ఏళ్ళు స్పానర్ తిప్పి ఆయన సంపాదించింది గోళ్ళ కింద మసి. చేతికందిన ఇంజనల్లా పాడుచేసి పోయాడు, పాపం."

పోయిన ఆదివారం కూడా ఇదే మాట, ఈ ఏడుగురి ముందే, ఇలాగే నవ్వుతూ అన్నాడు. అప్పుడూ ఆమె టీ ట్రేతో అక్కడే నిలబడి ఉంది.

"స్పానర్‌కీ గరిటెకీ తేడా తెలీదు, నాకు చెప్పొచ్చింది. వెళ్ళు, వెళ్ళి కప్పులు కడుక్కో."

ఆమె కప్పులు ఏరుకుని లోపలికి వెళ్ళింది.

తొమ్మిదింపావు. ప్రెసిడెంటు వాచీ చూసుకున్నాడు.

"మేం కదుల్తాం మరి. మీదీ సర్దుకున్నాక రండి."

ఈసారి 'డాక్టరుగారూ' అనలేదు. ఏడు బళ్ళూ ఒకదాని వెనక ఒకటి స్టార్టయ్యాయి. సందు మలుపులో ఎవడో పగలబడి నవ్వాడు.

డాక్టరు ఒంటికాలి మీద ఎగిరెగిరి తంతూనే ఉన్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

పన్నెండేళ్ళుగా ప్రతి సోమవారం, ఆయన ఆఫీసుకు వెళ్ళగానే, ఆయన బిగించినదంతా విప్పి, కొత్త జెట్టు వేసి, గాలి స్క్రూ ఒకటిన్నర చుట్లు వదులుచేసి బండిని దారిలో పెడుతూ వచ్చిన ఆ ఇల్లాలు, మొన్న సోమవారం మాత్రం షెడ్డు తలుపు తెరవలేదు.