మూడు పంకల జాతకం

“నేను యాభై ఎనిమిదికే పోతనా?”

గాలయ్య పొడుగాటి కాగితం తెచ్చి బల్ల మీద పడేశాడు. మెహమూద్ దాన్ని తిప్పి చూశాడు. నిన్న తన కంప్యూటర్ కొట్టి ఇచ్చిన జాతకమే. ఏ యేట ఏం జరుగుతుందో వరసగా చెప్పుకుంటూ వచ్చి, యాభై ఎనిమిదో యేట మాట మధ్యలో ఆగిపోయింది. ఆ కిందంతా తెల్ల కాగితం.

“మిషన్ ఆగింది, రేపు రా అన్నా అని చెప్పిన గద. నువ్వే చింపుకొని పోతివి.”

“నాకిప్పుడు యాభై ఏడు నడుస్తాంది. ఇంట్ల ఆడోళ్లు శోకాలు మొదలువెట్టిన్రు. బోరు బండి వస్తే వాపసు పంపిన. పోయేటోనికి నీళ్లెందుకు?”

“నువ్వు పోవుడు కాదన్నా, కంప్యూటర్ డబ్బా వేడెక్కింది. లోపల ఉన్నది ఒక్కటే పంక. ఎండలు చూస్తలేవా?”

భువనగిరి గుట్ట కింది బజారు అది. పొద్దటి నుంచి కాగిన బండ దుకాణంలోకి సెగ కొడుతోంది.

“అయితే నా ముంగట మళ్ల కొట్టు. లేకుంటే అంగట్ల నిలబడి చెప్త, మెహమూద్ భాయ్ మిషన్ మనుషుల్ని మింగుతాంది అని.”

చెప్పినా చెప్తాడు. జాతకాలు చూపించుకునేవాళ్లంతా వారానికోసారి ఆ అంగడికి వచ్చేవాళ్లే. ఆ మాట ఒక్కసారి పాకితే మెహమూద్ దుకాణం మూసుకోవాల్సిందే. వెంటనే మీట నొక్కాడు.

ప్రింటర్ కీచుమంటూ కాగితాన్ని బయటికి తోసింది. కొంతసేపు బాగానే నడిచింది. తర్వాత తెర మీద అక్షరాలు బిగుసుకుపోయాయి. ప్రింటర్ నోరు మూసుకుంది.

గాలయ్య వంగి అంకె కూడబలుక్కున్నాడు. “యాభై ఒకటా?”

“ఆఁ! ఇప్పుడన్న నమ్ముతవా? యాభై ఒకటి దాటి ఆరేండ్లాయె. నువ్వు గుండ్రాయి లెక్క నా ముంగట నిలబడ్డవు. ఇది వేడి లెక్క, నీ లెక్క కాదు.”

గాలయ్య ముఖంలో నెత్తురు లేదు.

“యాభై ఒకటిల నన్ను పాము కరిచింది, భాయ్. దవాఖానోళ్లు గుడ్డ కప్పమన్నరు.”

ఇక చెప్పి లాభం లేదని మెహమూద్ డబ్బా మూత విప్పాడు. చెడిపోయిన కంప్యూటర్లలోంచి పీకిన చిన్న పంకలు రెండు సొరుగులో ఉన్నాయి. ఒకదాన్ని డబ్బా ముందు వైపు బిగించి, లోపల వేలాడుతున్న తీగల్లో పసుపుదాన్నీ నల్లదాన్నీ దానికి కలిపాడు. గిర్రున తిరిగింది.

ఈసారి ప్రింటర్ అరవై దాకా పోయి ఆగింది.

“అరవై!” గాలయ్య బల్ల గుద్దాడు. “ఒక్క పంకకు తొమ్మిదేండ్లు పెరిగినయి! ఇంకొకటి పెట్టు.”

“ఏండ్లు కాదన్నా, గాలి...”

“ఏదో ఒకటి. పెట్టు.”

రెండో పంకను వెనక వైపు బిగించి, దాన్నీ అదే పసుపు తీగకు కలిపాడు మెహమూద్. రెండూ కలిసి రొద చేస్తుంటే ప్రింటర్ మళ్లీ మొదలైంది. యాభై అయిదు దగ్గర ఆగింది.

“అయ్యో! ఉన్నయి గూడ పాయె!” గాలయ్య నెత్తి పట్టుకొని కూలబడ్డాడు. “ఏం చేసినవు భాయ్, ఎవరి పంక తెచ్చి పెట్టినవు? సచ్చినోనిదా?”

మెహమూద్ డబ్బా వెనక చెయ్యి పెట్టి చూశాడు. గాలి చేతికి తగలడం లేదు. పంక తిరగేసి పెట్టాడు. ముందుదీ లోపలికే ఊదుతోంది, వెనకదీ లోపలికే ఊదుతోంది. వేడి గాలి బయటికి పోయే దారి లేదు.

“నాదే పొరపాటు. వచ్చుడే గాని పోవుడు లేకపాయె,” అంటూ మరలు విప్పాడు.

“పోవుడు అనకు!” గాలయ్య కసిరాడు.

వెనక పంకను తిప్పి బిగించాక వేడి గాలి బుస్సున బయటికి తన్నింది. ప్రింటర్ కదిలింది. యాభై ఎనిమిది దాటింది. అరవై దాటింది. డెబ్బైలో గాలయ్యకు తీర్థయాత్ర ఉంది. డెబ్బై అయిదులో మోకాళ్ల నొప్పులున్నాయి. నొప్పులు చదివి వినిపిస్తుంటే కూడా అతను పళ్లికిలిస్తూనే ఉన్నాడు. ఎనభై నాలుగో యేట ‘శుభం’ అని కొట్టి ప్రింటర్ తనంతట తనే ఆగింది.

“బోరు బండిని పిలుచుకో పో,” అని కాగితం చింపి ఇచ్చాడు మెహమూద్. రొద భరించలేక పంకల తీగను పసుపుదాని నుంచి ఎర్రదానికి మార్చబోయాడు. ఎర్రదాని మీదయితే అవి మెల్లగా తిరుగుతాయి.

గాలయ్య చటుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు.

“తగ్గియ్యకు! నేను ఇల్లు చేరినదాంక జోరుగనే తిరగనియ్యి.”

మెహమూద్ నవ్వి వదిలేశాడు. గాలయ్య కాగితం మడిచి చొక్కా లోపల పెట్టుకొని బయటికి పోయాడు. పోయినవాడు పోయినట్టే తిరిగొచ్చాడు. ఎదురుగా చాయ్ దుకాణం నీడలో కూర్చున్న ముసలాయనను చెయ్యి పట్టుకొని నడిపించుకొచ్చి, కుర్చీలో జాగ్రత్తగా కూర్చోబెట్టాడు.

“మా మామ, గుర్వయ్య. పిల్లనిచ్చి నన్ను ఇంట్లనే పెట్టుకున్న దేవుడు. ఈయినది గూడ ఒకటి కొట్టు, భాయ్.”

మెహమూద్ ముసలాయన పుట్టిన యేడూ గడియా అడిగి మీటలు నొక్కాడు. ఇక మొదలుపెట్టబోతుంటే గాలయ్య అతని చెవి దగ్గరికి వంగాడు.

“జర ఆగు. భూమంత ఇంక ఈయిన పేరు మీదనే ఉన్నది. ఈయినకు పాత పంక ఒక్కటే చాలు.”