సంతకం పడని మిషను

ప్రాణంతో ముడిపడిన ఏ యంత్రాన్నైనా, దాని ప్రోగ్రాం ఎన్నడూ తప్పు చేయదని గణితంతో రుజువయ్యాకే అమ్మాలని చట్టం వచ్చిన రోజులవి. ఆ రుజువులను చివరిగా పరిశీలించి సంతకం పెట్టే ఉద్యోగం అరుంధతిది. ఇంట్లోనే పెట్టుకోగల డయాలసిస్ మిషను ఆమె దగ్గరికి వచ్చిందని తెలిసి, అందరికన్నా ఎక్కువ ఆశపడింది ఆమె మామ తిరుపాలు. వారానికి మూడుసార్లు కడప ఆసుపత్రికి పోయి రావడంతోనే ఆయన వడలిపోతున్నాడు.

"సంతకం పెట్టినావా అమ్మా?" అని అడిగాడాయన.

"లేదు మామా. కరెంటు పోయిన క్షణంలోనే రక్తం గొట్టంలో గాలిబుడగ వస్తే, పంపు ఆగడం రవ్వంత ఆలస్యమవుతాది. మనిషి ప్రాణం పోతాది."

"అట్లా ఎప్పుడైనా జరుగుతాదా?"

"కోటికి ఒకసారి జరగచ్చు."

తిరుపాలు ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. అరుంధతికి కళ్ల నీళ్లు తిరిగాయి, కానీ సంతకం మాత్రం పెట్టలేదు.

మర్నాడు సెలవు పెట్టి, ఆయన వెంట ఆసుపత్రికి పోయే డ్రైవర్ లేని బస్సెక్కింది. ఆయనకు సీటు దొరికింది, ఆమె నిలబడింది. రోగులంతా ఆ మిషను గురించే మాట్లాడుకుంటున్నారు.

"ఎవరో మహాతల్లి ఆపేసిందంట. మన అగచాట్లు ఆమెకేం తెలుసు?" అంది ఒకామె.

అరుంధతి తల దించుకుంది.

"ఆపింది మా కోడలే," అన్నాడు తిరుపాలు గట్టిగా. "నా సుఖం కోసమని సంతకం పెట్టుంటే, అది నీ పానం మీదికి వచ్చేదేమో తల్లీ."

ఆ మాట అన్నామె సీట్లో పక్కకు జరిగి, అరుంధతిని కూర్చోమంది.