పెద్దాయన వచ్చినాడు

"సార్, పెద్దాయన వచ్చినాడు! కట్ట తెంపేస్తాండాడు!"

మునెమ్మ గేటు పట్టుకుని రొప్పుతోంది. ఫారెస్టు గార్డు ముద్దుకృష్ణ సగం తిన్న సంగటి ముద్దను వదిలేసి లేచాడు.

ఆ ఏడు తమిళనాడు వైపు నుంచి కుప్పం అడవుల్లోకి ఏనుగులు దిగాయి. పేరు పలికితే వచ్చి వాకిట్లో నిలబడతాయని ఊళ్లో భయం. అందుకే అందరూ పెద్దాయన అంటున్నారు. వినీ వినీ గార్డుకూ అదే అలవాటైంది.

"ఏ కట్ట?"

"గుట్ట కిందిది సార్. మేం రాళ్లు మోసి కట్టిందే. అది నిలిచినాకే గదా మా బాయిలో ఊట పడింది! అది పోతే మళ్లా బిందె ఎత్తుకుని యాడికి పోవాల?"

బోడిగుట్టను మళ్లీ అడవిగా చేయాలని ఆ కట్ట వేయించి, పైన వెదురూ నేరేడూ నాటించింది అటవీశాఖే. మొక్కలు ఇప్పుడిప్పుడే మనిషెత్తు లేచాయి.

"మొక్కలో?"

"అన్నీ పీకేస్తాండారు."

"ఒంటిగా రాలేదా?"

"యాడ సార్! ఎంబడి చానామంది ఉండారు. కొడుకు గూడా వచ్చినాడు."

"పిల్లోడు ఎంట ఉంటే కోపం ఎక్కువ. నువ్వు దగ్గరికి పోలేదు గదా?"

"పోయినాను. దండం పెట్టినాను. తిరిగైనా సూడ్లేదు."

"నీకేమన్నా పిచ్చా? తొక్కేస్తాడు!"

"తొక్కేది మాకు కొత్తా సార్?"

"బతికుంటే గదమ్మా, కొత్తో పాతో తెలిసేది!" అంటూ ముద్దుకృష్ణ అటక మీది సంచి దించాడు. నిండా టపాకాయలు.

మునెమ్మ వింతగా చూసింది. "వీటికి బెదురుతాడా?"

"ఎంతటోడైనా బెదరాల్సిందే. ఒక్కటి పేలిస్తే తోక ముడుస్తాడు. మళ్లా ఈ దిక్కుకు రాడు, సూస్తా ఉండు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయన ముందర నిలబడే మొగోణ్ని ఇన్నాళ్లకు సూసినాను సార్."

గార్డు మీసం దువ్వుకుని ముందు నడిచాడు.

గుట్ట మలుపు దగ్గరికి వచ్చేసరికి రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపించింది. ఏదో కొమ్మ ఫెళ్లుమని విరిగింది. కట్టలోని నీళ్లు ఎర్రగా, బురదగా బాట మీదికి పారుతున్నాయి. మునెమ్మ ఆ నీళ్లలో నిలబడిపోయి, ఆపగలనన్నట్టు రెండు పాదాలూ అడ్డం పెట్టింది. నీళ్లు పాదాల పక్కనుంచి పోతున్నాయి.

"బిన్నా కాల్చండి సార్, నీళ్లన్నీ పోతాండాయి!"

"ష్... నువ్వు ఈడే ఉండు."

ముద్దుకృష్ణ ఒక టపాకాయ చేతిలోకి తీసుకుని, అగ్గిపుల్ల గీసి, ఒక్క అంగలో బండ అవతలికి దూకాడు. దూకినవాడు దూకినట్టే నిలబడ్డాడు. పుల్ల చివరిదాకా కాలి, చేతివేళ్లు చురుక్కుమన్నాయి.

నిమ్మకాయల దండ వేసిన ట్రాక్టరు పక్కన, గొడుగు కింద కుర్చీలో కూర్చున్న ఊరి పెద్దాయన అతని చేతికేసి చూసి పకపకా నవ్వాడు.

"ఏమప్పా ముద్దుకృష్ణా, మా క్వారీ పూజకు టపాకాయలు గూడా తెచ్చినావే!"