చివరి నాలుగు లైన్లు

"మీ అమ్మాయి కాపీ కొట్టింది. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టండి. ఏడాది పాటు పరీక్షలకి కూర్చోనివ్వం," అన్నాడు కంప్యూటర్ లెక్చరర్ కాగితం ముందుకు తోస్తూ.

తండ్రి దర్జీ. కాలేజీ నుంచి ఫోనొస్తే మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి దుకాణం నుంచి పరుగెత్తుకొచ్చాడు. కాగితం వంక చూశాడు, కూతురి వంక చూశాడు.

"నిజం చెప్పవే. కొట్టావా?"

"లేదు నాన్నా, ఒట్టు."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టమ్మా," అని లెక్చరర్ రెండు ప్రింట్లు ప్రిన్సిపాల్ మేడం ముందు పరిచాడు. ఒకటి ఫస్టు ర్యాంకు కుర్రాడి జవాబు, రెండోది ఈ అమ్మాయిది. పరీక్షలో ఇద్దరివీ పక్కపక్క సీట్లు. అమ్మాయి జవాబులో చివరి నాలుగు లైన్లు అచ్చం ఆ కుర్రాడివే. కామా కూడా పొల్లుపోలేదు.

ప్రిన్సిపాల్‌కి ఎవరి మీదా ఓ పట్టాన నమ్మకం కుదరదు. గోడ గడియారం చెప్పిన టైం కూడా చేతి వాచీలో సరిచూసుకునే మనిషి. "ఆ కుర్రాడే ఈ పిల్లది చూసి రాశాడేమో?" అంది.

"వాడికేం ఖర్మ మేడం, ఫస్టు ర్యాంకు!"

"ఆ లైన్లు నేను రాయలేదు మేడం. నా ఫైలు తెరిచి చూడండి, అందులో ఉండవు," అంది అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ.

"ఎందుకుంటాయి? ఈపాటికి చెరిపేసి ఉంటావు!" లెక్చరర్ ప్రిన్సిపాల్ వైపు తిరిగాడు. "వీళ్ళ వేషాలు తెలిసే నేను కూర్చుని ఓ ప్రోగ్రామ్ రాశాను మేడం. మధ్యలో ఏ సాఫ్ట్‌వేరూ ఉండదు. నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడుగుతుంది. ఫైలు తెరువు, చదువు, మూసెయ్, అంతే. పరీక్ష అయిన మరుక్షణం సీట్ల వరసలో అందరివీ చదివి పెట్టింది. దాని కళ్ళు కప్పడం ఎవరి తరమూ కాదు."

ఆవిడకి ప్రోగ్రామ్ మీదా అనుమానమే. "ఏదీ, చూపించండి."

లెక్చరర్ ల్యాప్‌టాప్ తిప్పాడు. ఆవిడ వేలు పెట్టి ఒక్కో లైనూ చదువుకుంటూ వచ్చింది. "ఇదేమిటి, పిచ్చుకా?"

"ఫైల్లోంచి చదివింది పెట్టుకునే చోటు మేడం. ఏదో ఒక పేరు పెట్టాలిగా. ఆ టైంకి కిటికీ మీద వాలింది, పెట్టేశాను."

అమ్మాయి చప్పున తలెత్తింది. లేచి తెర దగ్గరికి వచ్చి కాసేపు అలాగే చూసింది.

"మేడం, ఆ కుర్రాడి ఫైలు తర్వాత ఒక ఖాళీ ఫైలు పెట్టి నడిపించమనండి."

"ఖాళీ ఫైల్లో ఏముంటుంది, మట్టి?"

"నడిపించండి మాస్టారూ," అంది ప్రిన్సిపాల్.

నడిపించాడు. ముందు కుర్రాడి జవాబు వచ్చింది. ఆ కింద ఖాళీ ఫైలుదీ వచ్చింది. మొదటి అక్షరం నుంచి ఆఖరి చుక్క దాకా కుర్రాడి జవాబే!

దర్జీ మెడలో టేపు సవరించుకున్నాడు. "ఇదీ కాపీ కొట్టిందా అండీ?"



"ఎన్ని అక్షరాలు చదివిందో సిస్టమ్ చెబుతూనే ఉంటుంది మేడం. ఈ ప్రోగ్రామ్ ఆ లెక్క పట్టించుకోదు," అంది అమ్మాయి. "బోర్డు పై సగం తుడిచి కొత్త పాఠం రాసి, కింద మిగిలిన పాతది కూడా కలిపి చదివేసినట్టు. నా జవాబు చిన్నది. దాని కింద ఆ అబ్బాయిది మిగిలిపోయింది. చూడండి, ఆ నాలుగు లైన్లూ సగం మాటతో మొదలయ్యాయి. కాపీ కొట్టేవాళ్ళు సగం మాట నుంచి కొడతారా?"

ప్రిన్సిపాల్ ప్రింటు కళ్ళ దగ్గరికి తీసుకుని చూసింది. తర్వాత సంతకం కాగితం అందుకుని నిలువునా చింపేసింది.

"ఇంత తొందరగా ఎలా పట్టావమ్మా?"

"పోయిన పరీక్షలో రాసిన ప్రోగ్రామ్‌లో నేనూ ఈ తప్పే చేశాను మేడం." అమ్మాయి తల దించుకుంది. "సార్ సున్నా వేశారు."

"అంతే మరి, తప్పులు చేస్తేనే కదా నేర్చుకునేది," అంటూ లెక్చరర్ గబగబా ల్యాప్‌టాప్ మూయబోయాడు.

దర్జీకి ఇవేవీ పట్టలేదు. కన్నకూతుర్నే అనుమానించానే అని అతని ప్రాణం చివుక్కుమంది. దగ్గరికి వచ్చి ఆమె తల నిమిరాడు.

"నాదే బుద్ధి తక్కువ తల్లీ. ఇంక ఏడవకు. పద పిచ్చుకా, ఇంటికి పోదాం."

లెక్చరర్ చెయ్యి ల్యాప్‌టాప్ మీదే ఆగిపోయింది.

"ఏమని పిలిచారూ?" అంది ప్రిన్సిపాల్.

"పిచ్చుక అనండీ. చిన్నప్పట్నుంచీ ఇంట్లో అలాగే పిలుస్తాం. ఇది కూడా తను చేసిన ప్రతిదానికీ ఆ పేరే తగిలిస్తుంది."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మంచిది, మీరిద్దరూ బయల్దేరండి. మాస్టారూ, మీరు కూర్చోండి. కాపీ కేసు ఇంకా అయిపోలేదు."