ఎర్రంచు చిక్కుడు

"నాలుగు గింజలు చాలక్కా. ఎర్రంచు చిక్కుడువి," అన్నది పక్కింటి పుష్ప, గేటు లోపలికి ఒక కాలు పెట్టి, రెండోది బయటే ఉంచి.

యాదలక్ష్మి బీరపాదు తవ్వుతున్న చెయ్యి ఆపలేదు. తలైనా ఎత్తలేదు. మిరుగం కార్తె తొలి వాన మొన్ననే పడింది. కొత్తకోటలో నేల ఇలా మెత్తబడగానే, ఏడాదంతా సంచి పట్టుకొని అంగడికి పోయేవాళ్లకు కూడా ఉన్నట్టుండి పెరటి మీద ప్రేమ పుట్టుకొస్తుంది.

"దుకాణంల పాకిట్లున్నయి గదా. మీద బొమ్మ గూడ ఉంటది. కాయ కాయకున్నా బొమ్మ జూసుకుంట తినొచ్చు."

"పోయినేడు గవే పెట్టినక్కా. తీగె మస్తు పారింది గని కాయల రుచి లేదు."

"రుచి గూడ తెలుస్తదా నీకు?"

పుష్ప నవ్వింది. ఏమన్నా నవ్వుతుంది. అదే యాదలక్ష్మికి ఇంకా రోత. మాట తగిలినప్పుడు మొహం మాడ్చుకోవడం కూడా చేతగాని మనిషికి చిక్కుడు పెంచడం ఏం చేతనవుతుంది?

ఆమె పెరట్లో దుకాణం గింజ ఒక్కటీ లేదు. నాటు బీర, తెల్ల వంకాయ, బుడమకాయ, పొట్ల, అన్నీ ఆమె చేత్తో నిలిపినవే. ప్రతి తీగెకూ, చెట్టుకూ మొదట కాసిన మంచి కాయను విత్తనానికి వదిలి, ముదిరి ఎండేదాకా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. గింజలను నీడలో ఆరబెట్టి, పిడకల బూడిద కలిపి, ఎండిన సొరకాయ బుర్రల్లో పోసి వంటింటి దూలానికి వేలాడదీసేది. ఎర్రంచు చిక్కుడైతే తల్లిగారింటి నుంచి వచ్చింది. అలాంటిది ఇంకెక్కడా లేదని ఆమె నమ్మకం. ఇంట్లో తినేది ఇద్దరే. మిగిలిన కాయలు బర్రెకు వేసేది గాని, గోడ దాటనిచ్చేది కాదు.

"జాతి చెడుతది పుష్పా," అన్నది చివరికి, చేతి మట్టి దులుపుకుంటూ. "నీ పెరట్ల సంకర చిక్కుడు పక్కన నా గింజ మొలిస్తే ఏమైతది? పూత పూతకు కలుస్తది. మల్లేటికి గది మీది గాదు, మాది గాదు."

"పక్కన ఏం పెట్టమక్కా. వేరే జాగల పెడ్తం."

"గిప్పుడు గట్లనే అంటరు."

పుష్ప పోలేదు. వచ్చి అరుగు మీద కూర్చున్నది. చెంగుతో మొహం తుడుచుకొని, ఎంతసేపైనా కూర్చోగలనన్నట్టు హైవే మీద పోయే లారీలను చూస్తూ ఉండిపోయింది.

యాదలక్ష్మికి ఒళ్లు మండింది. ఇవ్వనంటే రేపు మళ్లీ వస్తుంది. ఎల్లుండి కూడా వస్తుంది. సిగ్గులేని వాళ్లతో అదే చిక్కు. అప్పుడామెకు ఒక ఆలోచన వచ్చింది. పొద్దటి నుంచి మొదటిసారి ఆమె నవ్వింది.

"కూసో. తెస్త."

లోపలికి పోయి సొరకాయ బుర్ర దించింది. గుప్పెడు గింజలు తీసింది. నాలుగు అడిగినామెకు గుప్పెడు ఇస్తున్నందుకు తన దొడ్డ మనసుకు తానే ముచ్చటపడింది. పెనం పొయ్యి మీద పెట్టి, సన్న మంట చేసి, గింజలు పోసి నెమ్మదిగా కలిపింది. రంగు మారకూడదు. వాసన బయటికి పోకూడదు. లోపలి మొలక మాత్రం చావాలి. కూర ఎంత శ్రద్ధగా వండేదో అంత శ్రద్ధగా చేసింది. చల్లారాక మళ్లీ బూడిదలో పొర్లించి, కాగితంలో కట్టి తెచ్చింది.

పుష్ప రెండు చేతులా అందుకొని పొట్లాన్ని కళ్లకద్దుకున్నది. "నీ రుణం ఉంచుకోనక్కా."

"మొలవకుంటే మాత్రం నా గింజలననకు," అన్నది యాదలక్ష్మి. "కొందరి చెయ్యి గట్లుంటది. ఏం పెట్టినా మాడిపోతది."

పుష్ప దానికీ నవ్వి, పొట్లం చెంగున ముడేసుకొని, ఇంటికి కాకుండా బస్టాండు వైపు గబగబా నడిచింది. ఈ సంబరమంతా ఎవరికి చూపించడానికో అనుకున్నది యాదలక్ష్మి.

మధ్యాహ్నం పెనిమిటి వెంకటయ్య భోజనానికి వచ్చాడు. కాళ్లు కడుక్కొని కంచం ముందు కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాక, ఊరికే అడిగినట్టు అడిగాడు.

"పుష్ప వచ్చిందా?"

"వచ్చింది. గింజలు గావాల్నట మారాణికి."

"ఇచ్చినవా?"

"ఇచ్చిన."

అతని మొహం వెలగడం చూసి ఆమెకు ఆశ్చర్యమేసింది. పెరటి సంగతులు ఏనాడూ పట్టించుకోని మనిషి. అసలు సంగతి చెప్తే ఇంకా సంతోషపడతాడనుకొని పక్కనే కూర్చుని, నవ్వు ఆపుకుంటూ పెనం సంగతంతా చెప్పింది. "పొద్దుగాల, మాపున నీళ్లు పోసుకుంట మొలకల కోసం ఎదురు సూడనియ్. నా గింజలు గావాల్నంటే గంత అగ్గువనా? ఎవలకు వడితె వాళ్లకిచ్చేటందుకా నేను దాసింది?"

వెంకటయ్య నవ్వలేదు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలి, చెయ్యి అంచుకు ఆనించి కూర్చున్నాడు.

"ఏమైంది? పుష్ప మీద నీకు గంత ప్రేమ, గంత పావురమా?"

"పుష్పను పంపింది నేనే," అన్నాడు అతను, ఆమె వైపు చూడకుండా. "గింజలడిగింది మన బిడ్డ సుహాసిని. యోహాను కొడుకును చేసుకున్నదని నువ్వు దాని పేరెత్తనియ్యవు గదా... కడుపుతోనున్నది, పుట్టెటోళ్లకు మా అమ్మ ఇంటిది ఒక్క తీగెన్న సూపెడ్త నాయినా అన్నది."